నొప్పి అని రాయకూడదట

ఫిబ్రవరి 3

నాకు పొగరట. అమ్మ పిన్నికి ఫోన్లో చెబుతుంటే విన్నాను. పేరున్న టీమ్‌లో ఉద్యోగం దొరికేసరికి ఇంట్లోవాళ్లు కంటికి ఆనడం లేదట, అందుకే మొహం చిట్లించుకుని తిరుగుతున్నానట. అక్క ఇంకో మెట్టు ఎక్కింది. ఆ పొడుగువాళ్లలో ఎవడో మనసు విరిచుంటాడు, కదిలించకండి, అదే సర్దుకుంటుంది అంది. బావకైతే ఆట చూడ్డానికి రెండు పాసులు కావాలి.

ఈ చిట్లింపు టీమ్‌లో జరిగేవి చూసి పుట్టిన అసహ్యం వల్ల వచ్చిందని ఒక్కరికీ తట్టదు.

ఫిబ్రవరి 4, ఉదయం

బాస్కెట్‌బాల్ టీమ్‌లో నా పని ఇంతే. పొద్దున్నే పద్నాలుగు మందినీ కొలత చాప మీద గెంతించాలి. ఎంత ఎత్తు లేచారో, ఎంతసేపు నిద్రపోయారో, ఒళ్లెలా ఉందో ట్యాబ్‌లో ఎక్కించాలి. ఒంటి సంగతికి మూడే మాటలున్నాయి: బాగుంది, పట్టేసింది, నొప్పి. మొదటి రెండిటికీ ఆడొచ్చు. నొప్పి అని పడితే డాక్టరు చూసి సరే అనేదాకా కోర్టులో దించకూడదు. అది రూలు.

అందుకే ఈ టీమ్‌లో ఎవరికీ నొప్పి రాదు. మోకాలు బిందెలా ఉబ్బినా పట్టేసిందనే అంటారు. నిరుడు ఒకడు నోరు జారి నొప్పి అన్నందుకు సీజనంతా వాణ్ని బాలింత అని పిలిచారు. పాపం, మఫ్లర్ కట్టుకోవడం కూడా మానేశాడు.

హాలు పైకప్పు కారి జనవరిలో వాయిదా పడ్డ ఆటలన్నిటినీ ఈ నెలలో కుక్కారు. పదకొండు రోజుల్లో ఏడు ఆటలు, ఐదు ఊళ్లు. షెడ్యూల్ వేసినవాడు జీవితంలో ఒక్కసారైనా మెట్లెక్కి ఆయాసపడ్డాడా అని నా అనుమానం.

ఫిబ్రవరి 7

మూడో ఆట అయింది. నిచ్చెనన్న గెంతు ఐదు సెంటీమీటర్లు పడిపోయింది. టీమ్‌లో అందరికన్నా పొడుగు ఆయనే, ముప్పై మూడేళ్లు. గుమ్మం దగ్గర తల వంచి మరీ, బాగున్నావా చెల్లెమ్మా అంటాడు. ఇవాళ వంగిన మనిషి నిటారుగా లేవడానికి టైమ్ పట్టింది.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

మేనేజర్‌కు గ్రాఫ్ చూపించాను. పద్నాలుగు గీతల్లో పదకొండు కిందికే. వయసులో పెద్దవాళ్లు ముగ్గురినీ ఒక్క ఆటకైనా కూర్చోబెట్టమన్నాను. ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ఆటలు ఎక్కువైతే కచ్చితంగా దెబ్బ తగులుతుందని రాసిస్తావా అమ్మాయ్ అన్నాడు. కచ్చితంగా అని ఎవరూ రాసివ్వలేరు, ప్రమాదం పెరుగుతుందని మాత్రం చెప్పగలం అన్నాను. చూశావా, నీకే నమ్మకం లేదు అని, ఆ పుల్లను నా గ్రాఫ్ మీద పెట్టాడు.

ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 10, బస్సులో

మందు నూనె, తడి సాక్సులు, మూసిన కిటికీలు. తొమ్మిది గంటలు ఇదే గాలి. నిచ్చెనన్న సీట్లో పట్టక నడవాలో పడుకున్నాడు. టీలు, సంచులు పట్టుకుని అందరూ ఆయన్ను దాటుకుంటూ పోతున్నారు. కోచ్ కూడా.

ఫిబ్రవరి 11, ఉదయం 7

నిచ్చెనన్న చాప ఎక్కలేదు. మడమ పైన వేలు పెట్టి చూపించాడు. ఇది పట్టేయడం కాదు చెల్లెమ్మా, నొప్పే, అదే రాసెయ్, బాలింతంటే అననీ, పథ్యం కూడా పెట్టమంటాను అన్నాడు. ఆయన కళ్లముందే నొప్పి అని రాశాను.

ఉదయం 9

టవళ్ల గదిలోకి పిలిచి తలుపు వేశారు. కోచ్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. మేనేజర్ గొంతులో తేనె కారింది. ఒక్క మాటే కదమ్మా, పట్టేసింది అని మార్చు, ఈ ఆట గట్టెక్కితే తర్వాత మూడింటికీ అతన్ని నేనే కూర్చోబెడతాను అన్నాడు.

ఒక్క మాటకు మూడు ఆటల విశ్రాంతి. బేరం లాభసాటిగా కనిపించింది. మార్చాను. ట్యాబ్‌లో పాత మాట మిగలదు.

సాయంత్రం 6

మూడో క్వార్టర్లో. ఎవరూ తగల్లేదు. నిచ్చెనన్న ఒక్కడే పరుగు అందుకోబోయి, వెనక నుంచి ఎవరో తన్నారనుకుని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మడమ దగ్గర టప్పుమన్న ఆ చప్పుడు నా కుర్చీదాకా వినిపించింది.

ఫిబ్రవరి 13

మడమను పిక్కకు కట్టే స్నాయువు తెగింది. ఆపరేషన్ అయింది. ఏడాది పడుతుందట, ఈ వయసులో మళ్లీ ఆట అనుమానమేనట.

ఆసుపత్రికి వెళితే, డాక్టరు చూడకుండా ఎలా దించారని ఆయన భార్య నన్ను నిలదీసింది. ఆయన మంచం మీంచే సర్దిచెప్పాడు. చెల్లెమ్మ నా కళ్లముందే నొప్పి అని రాసింది, డాక్టరు ఆ రాత చూసే సరే అనుంటారనుకున్నా, ఆ పిల్లనేం అనకు అన్నాడు. ఆవిడ నాకు కుర్చీ జరిపింది. కూర్చున్నాను. మంచినీళ్లు ఇస్తే తాగాను కూడా.

మేనేజర్‌ను అసహ్యించుకోవడం సుఖంగా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఫిబ్రవరి 14

టీమ్ ప్రకటన వచ్చింది. ఆ ఉదయం ఆటగాడు పట్టేసిందని మాత్రమే చెప్పాడట. నొప్పి దాచాడట. సాక్ష్యం ట్యాబ్‌లో నేను నింపిన ఫారం. దాచినట్టు తేలితే ఆయన్ను టీమ్ నుంచి తీసేయొచ్చు, ఇంకెక్కడా తీసుకోరు. పదిహేడున, పోటీలు నడిపే లీగ్ వాళ్ల విచారణ.

కోచ్ మెట్ల దగ్గర ఆపాడు. చిన్నపిల్లవి, బోలెడు జీవితం ఉంది, అడిగితే గుర్తులేదను చాలు అన్నాడు. నా భుజం తట్టబోతే పక్కకు జరిగాను.

ఫిబ్రవరి 15

అమ్మా అక్కా ఏమైందని అడిగారు. నాన్న ఒక్కరే, ఏం చేశావు అని అడిగారు.

ఫిబ్రవరి 16

ఆయన నొప్పి అనే చెప్పాడు. మార్చింది నేను. మార్చమన్నది మేనేజర్, పక్కనున్నది కోచ్. ఇవాళ ఆసుపత్రిలో ఆయనకూ ఆవిడకూ చెబుతాను. రేపు విచారణలో చెబుతాను. ఉద్యోగం పోతుంది, పోనీ.