అతుకు వేయించిన గంట

మార్చి 3
మా ఆయన ఎవుసేబియో ఇవాళ కూడా నన్ను గుర్తుపట్టలేదు. మాతే కషాయం ఇస్తే తాగారు. కప్పు తిరిగి ఇస్తూ, పరాయి ఆడమనిషికి ఇచ్చినట్టు మర్యాదగా తల వంచారు. నలభై ఏళ్ల కాపురం! ఒళ్లు మండింది.

గంట మోగితే మాత్రం అన్నీ గుర్తే. పొద్దున్నే మా తెల్ల ఆడగుర్రం వాగుడుకాయ నీళ్లకు బయల్దేరుతుంది. దాని మెడలో బీటవేసిన ఇత్తడి గంట డొక్కు డొక్కుమంటుంది. ఆ మోత వెంట పది ఇటుక రంగు గుర్రాలు వరసగా నడుస్తాయి. ఎవుసేబియో తల కిటికీ వైపు తిరుగుతుంది. ఒక్కో గుర్రం దాటినప్పుడల్లా కుర్చీ చేతి మీద వేలితో ఒక్కో దెబ్బ. పది పూర్తయితే గాని రొట్టె ముట్టరు. స్ట్రోక్ వచ్చాక ఆయనకు మిగిలిన పని ఇదొక్కటే.

మార్చి 5
మరిది వచ్చాడు. వదినా, ఎక్కే మనిషి లేడు, పశువులు తోలే పని లేదు, ఇంకెన్నాళ్లు ఈ గుర్రాల్ని మేపుతావు, అమ్మేద్దాం అన్నాడు. ఇస్తా, కానీ విడదీస్తే ఊరుకోను అన్నాను. ఆ గుంపును కుదుర్చుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. ఎక్కడున్నా అన్నీ కలిసే ఉండాలి.

పెద్ద పశువుల ఆసామి దోన్ అకీలెస్ తన పశువుల పనికి తీసుకుంటాడట. షరతు ఒకటే. ఆదివారం పెంపకందార్ల జాతరలో గుంపులన్నిటినీ బరిలో కలిపేస్తారు కదా, అందులోంచి మనవి తమ గంట విని విడిగా రావాలి. వస్తే అన్నీ కలిపి తనే కొంటాడట. రాకపోతే అది గుంపే కాదు, ఒక్కోదాన్నీ వేలం వేసుకోండి అన్నాడట, మీసాల చాటున నవ్వుతూ. నవ్వుకోనీ. మా ఆయన గుర్రాలు ఏ బరిలోనూ దారి తప్పలేదు. మరిది జాతర బరికీ, రాకపోతే పది గుర్రాల వేలానికీ పేర్లు రాయించి వచ్చాడు; రాయించాక వెనక్కి తీసుకోవడం కుదరదట.

మార్చి 7
గంట విప్పి కమ్మరి కొలిమికి పట్టుకెళ్లాను. ఐదేళ్ల కిందట వాగుడుకాయ ఏటి రాళ్ల మీద జారిపడ్డప్పుడు బీటవేసింది. ఈయన బాగుచేయించనే లేదు, బద్ధకం! అంతమంది ముందు ఆ డొక్కు గంటతోనా వెళ్లేది? కమ్మరి దాన్ని అటూ ఇటూ తిప్పి, అమ్మా, ఆయన్ని ఒక మాట అడిగారా అన్నాడు. ఎవర్ని అడగను, గోడనా అన్నాను.

మార్చి 11
గంట లేక ఇల్లు చచ్చినట్టుంది. ఆయన రొట్టె తినడం లేదు.

మార్చి 13
గంట వచ్చింది. అతుకు ఎక్కడుందో కూడా తెలియడం లేదు! చర్చి గంటలా ఖంగుమంటోంది. పరుగున తెచ్చి ఆయన చెవి దగ్గర ఊపాను. ఇదిగో, మీ గంట అన్నాను.

తల తిప్పలేదు. మళ్లీ ఊపితే నా చేతిని పక్కకు నెట్టేశారు. చెవి కూడా పోయింది, దేవుడా. వంటింట్లోకెళ్లి ఏడ్చాను. గంట మెరుపు పోకుండా గుడ్డలో చుట్టిపెట్టాను. బరిలోనే కడదాం.

మార్చి 15, ఆదివారం, పొద్దున 6
ట్రక్ వచ్చింది. వాగుడుకాయ ఎక్కగానే పదీ వెనకే ఎక్కాయి. ఆయన్ని పొరుగావిడకు అప్పజెప్పి వెళ్తున్నాను.

మార్చి 15, సాయంత్రం 7
రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

ముందు కోడెను రెండు గుర్రాల మధ్య ఇరికించి పరుగెత్తించే పోటీ. ఎవుసేబియో ఉంటే ఆ రౌతుల్ని తిట్టిపోసేవారు. తర్వాత మా వంతు. ఆరు గుంపులు, అరవైకి పైగా గుర్రాలు. ఈలలు, అరుపులు. దుమ్ములో పక్కమనిషి కనబడలేదు. ఒక్కో ఆడగుర్రాన్ని ఒక్కో చోట నిలిపారు. మైకులో మా పేరు వినగానే మరిది వాగుడుకాయను నడిపించాడు. ఖంగు, ఖంగు. పక్కావిడ, అబ్బ, ఎంత మంచి గంట అంది. పొంగిపోయాను.

ఒక్కటీ రాలేదు. తలలెత్తి, చెవులు నిక్కించి వెతుక్కుంటున్నాయి, పిచ్చి ముండలు. నాలుగు పోయి పరాయి గుంపులో దూరాయి. ఏం చేశావు వదినా, ఏం చేశావు ఈ గంటని అని మరిది అరిచాడు.

చివరికి ఒకడు వచ్చాడు. మా పదింటిలో ముసలి గుర్రం, పిచాంగో. వాడికి రెండేళ్లుగా చెవుడు. తెల్లగుర్రాన్ని కళ్లతో వెతుక్కుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

అప్పుడు తెలిసింది. మా ఆయన చెవికి ఏమీ కాలేదు. ఆ మోత తన గంటది కాదని ఆయన ఆ రోజే చెప్పారు, నేను వినలేదు.

దోన్ అకీలెస్ టోపీ తీసి, ఏమనుకోకు దెల్మీరా అన్నాడు. ఈసారి నవ్వలేదు. వేలంలో తొమ్మిదీ తొమ్మిది చోట్లకు పోయాయి. చెవిటివాణ్ణి ఎవరూ అడగలేదు. ఆయన పదేళ్లు కట్టినదాన్ని నా చేతులతో నేనే విడగొట్టాను.

మార్చి 17
గంటను రాతి మీద పెట్టి సుత్తితో కొట్టాను. మూడో దెబ్బకు బీటవేసింది. వాగుడుకాయ మెడకు కట్టి నీళ్లకు తోలాను. డొక్కు డొక్కు.

ఆయన తల కిటికీ వైపు తిరిగింది. పిచాంగో దాటాడు. వేలితో ఒక దెబ్బ.

వేలు ఇంకా లేచే ఉంది. రొట్టె చల్లారిపోతోంది.