కొమ్ముపిట్ట మీద అభాండం

తాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. నా కోపం ఇంకెవరికీ అర్థం కాదు.

ఎస్సెల్సీ ప్యాసయ్యాను. విజయనగరం కాలేజీలో చేరతానంటే, పెదనాన్న అరుగు మీద అందరి ముందూ నీ కొమ్ముపిట్టను సాక్ష్యానికి తెచ్చాడు.

"కొండమీద ఆ పెద్దముక్కు పిట్టను సూడే! గుడ్లెట్టే ముందు మొగుడు దాన్ని తొర్రలో ఎట్టి తలుపు మూసేత్తాడు. కిక్కురుమనకుండా లోపలే ఉంటాది. ఆపాటి బుద్ధి నీకు నేదేటి?"

'అభాండం' అనే మాట ఈ ఏడాదే నేర్చుకున్నాను. దాని బరువు అప్పుడు తెలిసింది. ఇప్పచెట్టు ఎదుట బండ చాటున కూర్చోబెట్టి నువ్వు నాకు చూపించావు కదా! ఆ ఆడపక్షే తొర్రలోకెళ్ళి, మట్టీ తన రెట్టా కలిపి, అంత పెద్ద ముక్కుతో ఓపిగ్గా తొర్ర నోరు మెత్తుకుంది. ముక్కు పట్టేంత సందు వదిలింది. మగపక్షి దానికి మేడిపళ్ళు మోసి మోసి చిక్కిపోయింది.

"తలుపు మూసింది మొగుడు కాదు పెదనాన్నా, అదే! ఇరగ్గొట్టుకుని వచ్చేదీ అదే!" అన్నాను.

"సదవకముందే ఇలాగుంటే, సదివినాక మనమందరం తొర్రలోకెళ్ళాలి," అని పెద్దమ్మ నవ్వింది.

ఈ ఉదయం నేనే నాన్నను కొండకు తీసుకెళ్ళాను. తొర్ర గోడ పగిలి ఉంది. ఆడపక్షి కొమ్మ మీద కూర్చుని, నలిగిన రెక్కలు సవరించుకుంటోంది. నాన్న చాలాసేపు చూసి, "గజపతినగరంలో విజయనగరం బస్సు పొద్దున్నే ఉంటాదేటే?" అన్నాడు.

నా కోపం మాత్రం తగ్గలేదు తాతా. పెదనాన్న ఇప్పటికే చెల్లికి బుద్ధి చెప్పడానికి ఇంకో పిట్టను వెతుకుతున్నాడు.