మా ఇంటి చెయ్యి

కాలనీ తెలుగు సంఘం అధ్యక్షులు నాగభూషణం అన్నయ్య గారికి, త్రినాథరావు గారి భార్య నమస్కారాలు.

ఆదివారం అమ్మవారి పండగ మీటింగు ఉందని పక్కింటి భవిత చెబితే తెలిసింది. ఆయన ఉన్నప్పుడు ముందు మా ఇంటికే కబురొచ్చేది. ఇప్పుడు పండగయ్యాక ప్రసాదం పొట్లం గేటుకు తగిలించి, బెల్లు కొట్టకుండానే వెళ్లిపోతున్నారు.

భవిత వాళ్ల బడిలో ఈ ఏడాది నుంచి సివిక్స్ తప్పనిసరి చేశారు. దగ్గర్లో ఏదైనా సభలో ఓటింగు ఎలా జరుగుతుందో పెద్దవాళ్లనడిగి రాయమన్నారట. వాళ్లింట్లో అందరూ డ్యూటీకి పోవడంతో నా దగ్గరికొచ్చింది. మన సంఘంలో ఇంటికొక చెయ్యి, అదీ మగవాళ్లే ఎత్తుతారని చెప్పాను.

"అచ్ఛా మామ్మా, కితాబ్‌లో మనిషికొక ఓటని ఉంది. తాతగారు పోయాక మరి మీ ఇంటి చెయ్యి ఏటైంది?" అంది.

టీ పెడతానని లేచి లోపలికి వెళ్లిపోయాను.

అన్నయ్య గారూ, ఆదివారం నన్ను చెయ్యెత్తనివ్వండి. వంటల దగ్గర ఆడవాళ్లతో కూర్చోమంటే అక్కడే కూర్చుని ఎత్తుతాను. పండగకు డప్పులవాళ్లను ఇక్కడే మాట్లాడాలన్నా, శ్రీకాకుళం నుంచి రప్పించాలన్నా నాకు పట్టింపు లేదు. మీరు ఎటంటే అటే ఎత్తుతాను. కాకపోతే చేతులు లెక్కపెట్టేటప్పుడు మీరు ఒక్కొక్కరి ముఖం చూసి, వాళ్ల ఇంటిపేరు పైకి అంటారు కదా. ఆయన పోయాక మా ఇంటిపేరు ఎవరి నోటా వినలేదు.

మీ చెల్లెలు