పిడికిలిలో గజ్జెలు

ఎల్లారెడ్డి,
1938 ఏప్రిల్ 12

సౌభాగ్యవతి బాలలక్ష్మికి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ క్షేమం. ఇంట్లో ఉన్నది నేనొక్కడినే కనుక, అందరమూ క్షేమమే అనుకో. నీవూ, బిడ్డా, అత్తమ్మా బాగున్నారని తలుస్తాను.

మిషను బడిలో నేర్చిన నీ గుండ్రటి అక్షరాలు చూడగానే ప్రాణం లేచివచ్చింది. రెండు సంగతులు అడిగావు. మచ్చలు తగ్గాయా అని ఒకటి. టపా సంచితో రోజూ మీ ఊరి మీదుగానే పరుగెత్తుతాను గదా, నా బల్లేనికి కట్టిన గజ్జెలు రెండు నెలలుగా వినబడవేమని మరొకటి. మొదటిదానికి జవాబు తేలిక.

అది పెద్దరోగం కాదు. కామారెడ్డిలో డాక్టరుకు చూపించుకున్నాను. మచ్చ మీద సూదితో పొడిస్తే అబ్బా అన్నాను; స్పర్శ ఉంది గనుక కుష్ఠు కాదన్నాడు. మొహమూ మెడా చేతులూ నల్లబడినా, సంచి పట్టీ కింద చర్మం శుభ్రంగా ఉండటం చూసి, "ఏం మందు తింటున్నవ్?" అన్నాడు. గుండె దడకు గోలీలన్నాను. అరగంట కూర్చోబెట్టి ఛాతీ మీద గొట్టం పెట్టాడు.

"నీ గుండె మంచిగనే ఉన్నది గదనయ్యా! ఎవరిచ్చిండ్రు నీకివి?"

నవ్వకు. కాలిలో ముల్లు తీయించుకుందామని, సంచి దించీ దించగానే ఇక్కడి డాక్టరు దగ్గరికి పోయాను గదా. అంత దూరం పరుగెత్తినవాడి గుండె కొట్టుకోక ఏం చేస్తుంది? ఆయన గోలీలిచ్చాడు, మూడు నెలలు మింగాను. ఆ మందు పడక ఎండ తగిలినచోటల్లా మచ్చలు లేచాయట. మానేసి ఇరవై రోజులైంది. చేతుల రంగు తిరుగుతోంది.

వండుకోబుద్ధి కాదు. పొద్దున కాచిన జొన్న గట్కే సాయంత్రానికీ. బావి దగ్గర పక్కింటి శాంతవ్వ కూడా నన్ను చూసి బిందె పక్కకు జరుపుకుంటుంది. నాతో మాట్లాడేవాళ్లు లేరు బాలా. నీవు లేక చాలా దిగులుగా ఉంది.

ఇక రెండోది. మీ అన్న దేవన్న నా మచ్చలకు జడిసి మిమ్మల్ని పుట్టింటికి తీసుకుపోయిన మర్నాడు, గజ్జెలు విని బిడ్డ "బాపు అచ్చిండు!" అంటూ వాకిట్లోకి ఉరికింది. ఒక చేయి దాని రెక్క పట్టి లోపలికి లాగి, తలుపు వేసింది. దేవన్న చేయి కాదు. గాజులు నేను కొన్నవే.

నీ తప్పు అనను. ఆనాడు నన్ను చూసి నేనే భయపడ్డాను. కానీ మళ్లీ ఆ తలుపు మూసుకోవడం చూడలేక, అప్పటి నుంచి మీ వాకిలి దాటేదాకా గజ్జెలను పిడికిలిలో బిగించి పరుగెత్తుతున్నాను. రోజూ.

ఈ ఉత్తరం శుక్రవారానికి చేరుతుంది. శనివారం పిడికిలి విప్పుతాను. టపా ఆగకూడదు, నేను నిలబడలేను. తలుపు తీసి ఉన్నదో లేదో దారి మీంచే కనబడుతుంది.

ఇట్లు,
నీ పెనిమిటి, బిడ్డకు బాపు,
పర్శరాములు