మట్టి పూసిన అనుములు

నాయనకు, అమ్మకు, అవ్వకు,

ఈ ఉదయం వంటపాక గడప మీద చీమలు ఒక వేరుశనగ పొట్టును మోసుకుపోతున్నాయి. అవి దాటేదాకా నీళ్ళ బిందెతో అలాగే నిలబడ్డాను. వెనక నుంచి, ఇక్కడ నాతో పనిచేసే రంగన్న అన్నాడు: "ఏమ్మా, గేటు ఏసినావా? మీ నాయన బిడ్డవే లే." రైలు గేటు దగ్గర నీ డ్యూటీ గురించి ఇక్కడ అందరికీ చెప్పాను, నాయనా.

మీరంతా ఎలా ఉన్నారు? అవ్వ మోకాలికి నూనె రాస్తున్నారా? ధర్మవరంలో ఎండలు తగ్గాయా? దేవుని దయవల్ల నేను బాగున్నాను. ఫోన్లో నీకు రైళ్ళ చప్పుడు అడ్డం, నాకు మొహమాటం అడ్డం. అందుకే రాస్తున్నాను.

అమ్మ అడిగినవాటికి ముందు జవాబులు. తిండి బాగుంది. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటి. ఈ పొలంలో కలిసి బతికే పద్నాలుగు మందికీ ఒకటే పొయ్యి, వంట వంతులవారీగా. బట్టలు కుంకుడు రసంతో ఉతికి, ఆ నీళ్ళు అరటి మడికి పోస్తాం. మరుగుదొడ్డిలో బూడిద చల్లుతాం. వాసన రాదు, నిజంగా రాదు. పెనుకొండ కొండ మీదకు మబ్బులు వస్తున్నాయి కానీ వాన ఇంకా పడలేదు. సాయంత్రాలు కొంచెం ఒంటరిగా ఉంటుంది. కాన్వెంటు హాస్టల్లో పుస్తకం అడ్డం పెట్టుకుంటే ఎవరూ పలకరించేవారు కాదు. ఇక్కడ ఆ వీలు లేదు, చేతిలో ఎప్పుడూ చాటో పారో ఉంటుంది. అయినా బాగున్నాను. బెంగ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఆరు నెలలు ఉన్నాక, ఆదివారం మేమంతా కూర్చుని మాట్లాడుకునే కూటంలో అందరూ సరే అంటేనే ఇక్కడ నిలుస్తారు. ఒక్కరు వద్దన్నా మూట కట్టుకోవాలి. నా ఆరు నెలలు మొన్న ఆదివారంతో నిండాయి. అంతకు ముందు మంగళవారం నా వంట వంతు. అటక మీద ఒక కుండలో అనుములు కనిపించాయి. ఎర్రమట్టి అంటుకుని ఉంటే, ఎవరో కడగకుండా పెట్టారనుకుని మూడు నీళ్ళు పోసి కడిగి, నానబెట్టి రాత్రికి పులుసు చేశాను. బాగా కుదిరింది. రంగన్న మూడోసారి వేయించుకుంటున్నప్పుడు లక్ష్మక్క పొలం నుంచి వచ్చి కూర్చుంది. ఆమె ఈ పక్క పల్లె మనిషి, అందరికంటే ముందు ఇక్కడ చేరింది. గింజ ఒకటి వేళ్ళతో నలిపి చూసింది.

"ఇవి యాడియి?"

"అటక మీద కుండలోవి, అక్కా."

"ఇంగ్లీషు చదువు చదివినావే, ఇత్తనానికి మన్ను ఎందుకు పూస్తారో తెలీదా? పురుగు పట్టకుండా పూసి, పొగ తగిలేతట్టు అటక మీద పెట్టినా. మా అత్త నాకిచ్చిన ఇత్తనం అది."

కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. రంగన్న గరిటె వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం దాకా లక్ష్మక్క నాతో మాట్లాడలేదు.

ఇక్కడ విత్తనం తీసుకున్నవాళ్ళు పండాక ఒకటికి రెండు తిరిగి ఇవ్వాలి. అదీ కట్టుబాటు. పోయిన ఏడు పరిగి దగ్గర ఒక రైతు ఇవే అనుములు తీసుకున్నాడట. "పోయి అడుగు. నువ్వే పోవాల," అన్నాడు రంగన్న. హిందూపురంలో బస్సు మారి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో వల్లె వేశాను. ఇంటి ముందు రైతు భార్య నా కళ్ళజోడు చూసి, "ఏమ్మా, సర్వేకి వచ్చినావా?" అంది. వల్లె వేసిందంతా పోయింది.

"కాదక్కా. విత్తనాల అనుములు వండేశాను," అన్నాను.

ఆమె పడీపడీ నవ్వింది. "ఇది చెప్పనీకి ఇంత దూరం వస్తాండావా?" తర్వాత నవ్వు ఆపి లోపలికి పోయి గింజలు తెచ్చింది. "వాన ల్యాక పోయినేడు పంట రాలేదమ్మా. ఒకటికి రెండు యాడ తెచ్చేది? ఇత్తనానికి మిగిలినేవి ఇవి ఉండాయి," అని రెండు దోసిళ్ళు నా చున్నీ కొంగులో పోసింది. మజ్జిగ తాగేదాకా కదలనివ్వలేదు.

ఆ గింజలు లక్ష్మక్క గుమ్మం దగ్గర పెట్టాను. తీసుకుని లోపలికి పోయింది.

ఆదివారం కూటంలో ఎవరి తప్పు వాళ్ళే లేచి చెప్పాలి. వేరేవాళ్ళు అందించకూడదు. నాలుగు మాటల్లో చెప్పాను. అందరూ ఒక్కొక్కరుగా సరే అన్నారు. చివరికి లక్ష్మక్క మిగిలింది.

"మళ్ళా నీ వంతు వస్తాది. కుండ కనపడితే ఏం చేస్తావు?"

"దించే ముందు నిన్ను అడుగుతాను."

"నేను ఊళ్ళో ల్యాకుంటే? ఇంట్లో ఇంకేమీ ల్యాకుంటే?"

"అందరినీ పస్తు పెడతాను," అన్నాను.

రంగన్న, "సచ్చినామప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇత్తనం ముట్టకుండా పస్తు పెట్టేదాన్ని నమ్మొచ్చు. ఉండనీ," అంది.

కాబట్టి నాయనా, నేను ఇక్కడే ఉంటాను. నిన్ను అడగకుండా చెబుతున్నానని కష్టపెట్టుకోవద్దు. వాన పడి విత్తడం అయ్యాక వచ్చి నాలుగు రోజులు ఉంటాను. అమ్మ పాత నేత చీర ఒకటి ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి, బొంత కుట్టుకోవాలి. కొంచెం చింతకాయ తొక్కు కూడా. పక్కింటి పెద్దమ్మకు, పాస్టరయ్యగారికి నా వందనాలు. రాత్రి ప్రార్థనలో అవ్వను నా పేరు కూడా చెప్పమనండి. నీ దీవెన కావాలి నాయనా. అది వస్తే నాకు ఇంకేమీ తక్కువ లేదు.

మీ బిడ్డ,
సలోమి

ఇంకొకటి చెప్పకుండా కవరు అతికించలేకపోతున్నాను. హిందూపురంలో నేను చదివిన కాన్వెంటులో టీచరుగా చేరమని సిస్టర్లు రాశారు. కూటం ఏమంటుందో తెలియకముందే, రాలేనని జవాబు రాసి పోస్టు చేశాను. అది ఆ మంగళవారం ఉదయం, అనుములు నానబెట్టకముందు.