వట్టి డబ్బా ఇవ్వకూడదు

జూన్ 9, సోమవారం

పొద్దున్నే మునెమ్మత్త ఇంటికి. గుడియాత్తంలో మా వీధి చివరి ఇల్లు, వరసకు అత్త. మామ లేడు. కట్టడాల దగ్గర ఇసుక మోసే పని. క్యాంపులో బీపీ చూసినప్పటి నుంచి నాకు ఒకటే బెంగ... ఎప్పుడు చూసినా ఎక్కువే. మాత్రలంటే మాత్రం ససేమిరా. "నాకేం రోగం? ఇసక చట్టి నెత్తిన పెట్టుకోని మూడో మిద్దె దాకా ఎక్కతా ఉండా!"

నేను పనిచేసే వేలూరు వైద్య కాలేజీ పరిశోధన ఉప్పు మీద. ఒక పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా క్యానులో పట్టి ఇస్తే, ఎంత ఉప్పు తింటున్నారో వేలూరు ల్యాబులో తేలుతుంది. అది చూశాకైనా మాత్ర వేసుకుంటుందని ఆశ. వెడల్పు మూతి క్యాను చేతికిచ్చాను. నవ్వి, సరేనంది.

జూన్ 10, మంగళవారం

క్యాను వచ్చింది. బరువుగానే ఉంది. మూత తీస్తే — ఉడకేసిన సెనక్కాయలు!

చింతపండు వేసి తోమి, ఎండలో ఆరబెట్టి మరీ నింపింది. "ఉచ్చ పోసింది నీ చేతికి ఎట్లా ఇచ్చేది పాపా? పారబోసేసినా. వట్టి డబ్బా ఇచ్చేకి కూడా మనసు రాలే."

కోప్పడదామనుకున్నా. నవ్వు ఆగలేదు. తప్పు నాదే. ఇచ్చిన గిన్నె వట్టిగా తిరిగి రాని వీధిలోనే పుట్టాను, ముందే తట్టాల్సింది. ఫోన్లో చెబితే వేలూరు డాక్టరమ్మ, "కాయలు ఎలా ఉన్నాయి?" అంది.

బాగున్నాయి. ఉప్పే జాస్తి.

జూన్ 12, గురువారం

కొత్త క్యాను. ఈసారి నల్ల సంచిలో. "ఇది ల్యాబుది అత్తా, వాళ్లకు పలహారాలు వద్దు." పాపం, నా కోసం పని మానుకుంది.

జూన్ 13, శుక్రవారం

దక్కింది! పక్కనే ఒక చిన్న స్టీలు డబ్బా కూడా — మా అమ్మకట, నిమ్మకాయ ఊరగాయ.

వేలూరు బస్సులో క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. పక్కావిడ సంచి చూసి అరవంలో, "ఎన్న పాప్పా, నెయ్యా?" తల ఊపాను. దిగేదాకా లోపల్లోపల నవ్వే. ఈ ఉద్యోగం ఎందుకింత ఇష్టమో ఎవరికి చెప్పను?

జూన్ 20, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. అనుకున్నట్టే, ఉప్పు చాలా ఎక్కువ. డాక్టరమ్మ క్యాంపుకొచ్చి అత్తను పరీక్ష చేసి మాత్రలు రాసింది. అత్త ఆ చీటీ నా చేతిలో పెట్టి, పనికి టైమయిందని వెళ్లిపోయింది. మందులిచ్చే కిటికీ వైపే చూడలేదు.

నేనే వరుసలో నిలబడి తెచ్చాను.

జూన్ 21, శనివారం

ఊరగాయ డబ్బా తోమి, మాత్రలు అందులో పెట్టి తీసుకెళ్లాను. "వట్టిది ఇచ్చేదానికి నాకూ మనసు రాలేదత్తా."

మూత తీసింది. "గట్టిదానివే నువ్వు..."

"మామ పనిలోనే పడిపోయినాడు. నిన్ను తలుచుకుంటే నాకు భయంగా ఉండాది" — అనేశాను. అనాలని వెళ్లలేదు.

మూత పెట్టి, డబ్బాను ఉప్పు జాడీ పక్కన పెట్టింది. నాకు కాఫీ ఇచ్చింది.

జూన్ 25, బుధవారం

అత్త పనికి పోతూ మా వాకిట్లో ఆగింది. అమ్మతో ఏదో నవ్వుతోంది. మాత్ర వేసుకుంటోందా అని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. డబ్బా ఇంకా వాళ్లింట్లోనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఏం నింపుకుని వస్తుందో...