మూర్తిగారి పేరు లేని దావా

మార్చి 13, 1984. మంగళవారం. శాన్ హోసే.

ప్రసాద్ కేసును ఇవాళ ఫెడరల్ కోర్టుకు మార్చేశారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజర్ మూర్తిగారు కూడా కాలిఫోర్నియా మనిషే. దావాలో ఆయన పేరు చేర్చి ఉంటే, ఇరుపక్షాలవాళ్లూ ఒకే రాష్ట్రంవాళ్లయ్యేవారు కాబట్టి కేసు స్టేట్ కోర్టులోనే నడిచేది. అక్కడ జ్యూరీలో పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఒప్పుకుంటే చాలు. ఇప్పుడు ఎదుట ఉన్నది ప్రసాద్ పనిచేసిన న్యూజెర్సీ కంపెనీ ఒక్కటే. ఫెడరల్ జ్యూరీలో ఒక్కరు కాదన్నా ప్రసాద్ గెలవడు.

"మూర్తిగారింట్లో పండక్కి భోంచేసినవాళ్లం, ఆయన్ని కోర్టుకీడ్చకు" అని ప్రసాద్‌కు చెప్పింది నేనే.

కారిడార్‌లో నేను పత్రికకు వార్త రాసుకుంటుంటే అతను పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఎవరు అడ్వైజ్ చేశారని లాయర్ తెగ అడిగాడు, అన్నా. నా ఐడియానే అన్నాను. మధ్యలో మీ పేరెందుకు?"

వార్త పంపేశాను. కేసు ఎందుకు మారిందో ఒక్క వాక్యంలో రాశాను. అందులో తప్పేమీ లేదు. నేనూ లేను.